నేల విడవని పిల్లలు: డబ్బున్న తోటివాళ్ళ మధ్య చదివే పిల్లల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

పెద్ద ఫీజులుండే ఒక ప్రైవేటు స్కూల్లో నేను పద్నాలుగేళ్ళు పాఠాలు చెప్పాను. నా పిల్లలిద్దరూ అదే స్కూల్లో, సిబ్బంది పిల్లలకిచ్చే ఫీజు రాయితీ మీద చదివారు. అంటే సాయంత్రం దాకా టీచర్ని, ఇంటికొచ్చాక "వాడికి కొత్త ఫోన్ కొన్నారట" అన్న మాట వినే అమ్మని. పేరెంట్స్ మీటింగులో మార్కుల సంగతి ముగిశాక, గుమ్మం దగ్గర ఆగి గొంతు తగ్గించి అడిగే ప్రశ్నలు కొన్ని ఉంటాయి. అవే ఇవి. కొన్నిటికి నా దగ్గర గట్టి జవాబుంది. కొన్నిటికి నేను చేసిన తప్పు మాత్రమే ఉంది.

అసలు అలాంటి స్కూల్లో చేర్చడమే తప్పంటారా?

అనను. స్కూలు మంచిదై, ఫీజు కట్టాక కూడా ఇల్లు గడవడం కష్టం కాకపోతే చేర్చండి. నేను చూసినంతలో పక్క బెంచీ వాడి డబ్బుకంటే, ఇంట్లో ఫీజు గురించి నడిచే మాటలే పిల్లల్ని ఎక్కువ నొప్పిస్తాయి. ప్రతి పరీక్షకీ ముందు "నీ కోసం ఎంత పోస్తున్నామో తెలుసా" అని వినే పిల్లవాడు, తన చదువుని తీర్చాల్సిన బాకీలా మోస్తాడు.

లెక్క వేసుకునేటప్పుడు ఫీజు ఒక్కటే వేసుకోకండి. బస్సు, యూనిఫాం, ప్రాజెక్టు సామాను, ట్రిప్పులు, యానివర్సరీ డ్రెస్సులు, నెలకి రెండు మూడు పుట్టినరోజు బహుమతులు కూడా కలపండి. చేర్చకముందే పై తరగతి పిల్లల తల్లిదండ్రుల్ని ఒకరిద్దర్ని పట్టుకుని "ఫీజు కాక ఏడాదికి ఇంకెంతవుతుంది?" అని అడగండి. ఆఫీసులో చెప్పే లెక్కకంటే వాళ్ళు చెప్పేదే నమ్మండి.

ఏ వయసు నుంచి పిల్లలకి ఈ తేడాలు తెలుస్తాయి?

మనం అనుకునేదానికంటే చాలా ముందు. నాలుగైదేళ్ళ పిల్లల మీద చేసిన ఒక పరిశోధన 2016లో వచ్చింది. మంచి వస్తువులున్న పిల్లల్నీ, అంతంతమాత్రం వస్తువులున్న పిల్లల్నీ చూపించి ఎవరు నచ్చారంటే, వస్తువులున్నవాళ్ళ వైపే ఎక్కువ మొగ్గారు. ఎవరూ నేర్పకుండానే ఆ వయసుకి కన్ను అటు పడుతుందన్నమాట. కాబట్టి ఎల్‌కేజీ పాప "వాళ్ళ కారు పెద్దది" అంటే కంగారు పడనక్కర్లేదు. "అవును, పెద్దదే" అంటే చాలు. వర్షం పడుతోంది అన్నంత మామూలుగా.

అసలు టెన్షన్ మొదలయ్యేది పదకొండు, పన్నెండేళ్ళప్పుడు. వస్తువుల మీద పిల్లల మోజు వయసుతో ఎలా మారుతుందో లాన్ చాప్లిన్, డెబొరా జాన్ అనే ఇద్దరు పరిశోధకులు 2007లో లెక్కగట్టారు. 8, 9 ఏళ్ళ నుంచి 12, 13 దాకా అది పెరుగుతుంది, 16 నుంచి 18 ఏళ్ళ మధ్య మళ్ళీ తగ్గుతుంది. పిల్లలకి తమ మీద తమకున్న మంచి అభిప్రాయం సరిగ్గా దీనికి ఎదురు నడుస్తుంది, పన్నెండేళ్ళప్పుడు అడుగంటి తర్వాత కోలుకుంటుంది. నాకు నచ్చిన సంగతి ఇంకొకటుంది. తోటిపిల్లలు తమ గురించి రాసిన నాలుగు మంచి మాటలు చదివించినప్పుడు, ఆ 12, 13 ఏళ్ళవాళ్ళలో వస్తువుల మోజు అప్పటికప్పుడే తగ్గింది. ఏడో తరగతి పిల్లకి లెక్చరు దంచే ముందు ఇది ఒకసారి గుర్తు చేసుకోండి.

"అమ్మా, మనం పేదవాళ్ళమా?" అని అడిగింది. ఏం చెప్పాలి?

నిజం చెప్పాలి, వయసుకి తగ్గ కొలతలో. ఏడేళ్ళ పిల్లకి "కాదమ్మా, మనకి కావలసినవి ఉన్నాయి. వాళ్ళ దగ్గర మనకంటే ఎక్కువ ఉంది. మనకంటే తక్కువ ఉన్నవాళ్ళూ చాలామంది ఉన్నారు" అంటే సరిపోతుంది. "డబ్బు ముఖ్యం కాదు" అని మాత్రం అనకండి. ఆ డబ్బు కోసమే మీరు పొద్దున్నే హడావిడిగా బయల్దేరడం ఆ పిల్ల రోజూ చూస్తోంది.

"కొనలేం", "కొనం" అన్న రెండు మాటల్నీ విడివిడిగా వాడండి. మనలో చాలామందికి బీద అరుపులు అరవడం అలవాటు. "డబ్బుల్లేవు" అంటాం, పై వారం కొత్త టీవీ వస్తుంది. పిల్లలకి అర్థమయ్యేది ఏమిటంటే, డబ్బులున్నాయి, నాకే పెట్టరు. కొనగలిగీ వద్దనుకున్నప్పుడు "కొనగలం, కానీ దానికి అంత పెట్టం" అనండి. ఏడుస్తారు. ఏడవనివ్వండి.

పన్నెండు దాటిన పిల్లలకి ఇంటి ఖర్చు చూపించొచ్చు. ఒక సాయంత్రం నేను నా పిల్లలిద్దర్నీ కూర్చోబెట్టి ఆ నెల ఎంతొచ్చిందో, ఎటు పోయిందో కాగితం మీద రాశాను. అద్దె చూసి ఎవరూ ఏమీ అనలేదు. నాన్నమ్మ మందులకి అయ్యేది చూసి మా అమ్మాయి ఆగిపోయింది, "ప్రతి నెలా ఇంతేనా?" అంది. ఆ రోజు నుంచి ఏమీ అడగడం మానేసిందని అబద్ధం చెప్పను. అడిగే ముందు మాత్రం ఈ రోజు తేదీ ఎంతో చూసుకునేది.

"అందరికీ ఉంది, నాకే లేదు" అంటే కొనివ్వాలా?

ఈ ప్రశ్న అడగని తల్లి, తండ్రి నాకు తగల్లేదు. అందుకని కాస్త వివరంగా చెప్తాను.

"అందరికీ" అంటే సాధారణంగా ముగ్గురు. ఆ ముగ్గురెవరో అడగండి. వాదనకి దిగొద్దు, ఊరికే తెలుసుకోండి. మా అబ్బాయి ఆరో తరగతిలో ఒక కంపెనీ బూట్ల కోసం రెండు వారాలు నా వెంటపడ్డాడు. మొదట విసుక్కున్నాను. తర్వాత ఒక రాత్రి లైటు తీసేశాక, వెటకారం లేకుండా, "అవి వేసుకుంటే ఏమవుతుంది నాన్నా?" అన్నాను. చాలాసేపు ఊరుకున్నాడు. "లంచ్ అయ్యాక వాళ్ళు బూట్ల గురించే మాట్లాడుకుంటారు. నేనేం మాట్లాడాలి?" అన్నాడు.

ఆలిసన్ ప్యూ అనే అమెరికన్ సోషియాలజిస్టు కాలిఫోర్నియాలోని ఓక్లండ్‌లో ఉన్నవాళ్ళ పిల్లల్నీ లేనివాళ్ళ పిల్లల్నీ కొన్నేళ్ళపాటు దగ్గర్నుంచి చూసి, 2009లో రాసింది కూడా ఇదే. పిల్లలకి వస్తువు మీద కంటే నలుగురి మాటల్లో తమకో చోటుండటం మీదే ఆశ ఎక్కువ, ఆ వస్తువు అందుకు టికెట్టు. ఆవిడ గమనించిన ఇంకో విషయం నన్ను బాగా ఆలోచింపజేసింది. చేతిలో డబ్బాడని తల్లిదండ్రులు మిగతా ఖర్చులు బిగబట్టి, పిల్లల లోకంలో బాగా విలువున్న ఆ ఒక్క వస్తువునీ ఎలాగో కొనిచ్చేవాళ్ళు. కలిగినవాళ్ళేమో అన్నీ కొని, "చూడండి, ఇదొక్కటి మాత్రం కొనివ్వలేదు" అని చెప్పుకునేవాళ్ళు. అప్పు తెచ్చి గేమ్ కొన్నదని ఎవర్నయినా తిట్టబోయే ముందు నాకు ఈ మాట గుర్తొస్తుంది.

సరే, కొనాలా వద్దా? ఆ వస్తువు లేకపోతే పిల్లవాడు నిజంగా ఆటకో మాటకో దూరమవుతాడా, లేక కాస్త చిన్నబుచ్చుకుంటాడా అన్నది చూడండి. మొదటిదైతే ఆలోచించండి, రెండోదైతే ఊరుకోండి. అదే పని ఇంకా తక్కువలో అయ్యే దారుందేమో కూడా వెతకండి. నేను బూట్లు కొనలేదు. ఒక మంచి ఫుట్‌బాల్ కొన్నాను. బంతి తెచ్చినవాడు లేకుండా ఆట మొదలవదు కదా. మూడు వారాలకి బూట్ల మాట మర్చిపోయాడు. బంతి మూడుసార్లు పోగొట్టాడు, అది వేరే కథ.

ప్రతిసారీ ఇలా కలిసిరాదు. తొమ్మిదో తరగతిలో మా అమ్మాయి అడిగిన ఒక బ్యాగు కొనిచ్చాను, అందులో కొంత తన పాకెట్ మనీ. అనవసరమని నాకు తెలుసు. ఏడాదికి ఒకటో రెండో అలాంటివి ఉండనివ్వండి. ఏదీ కొనని ఇంట్లో పిల్లలు వస్తువుల గురించే కలలు కంటారు.

పుట్టినరోజు పార్టీలు మా వల్ల కావట్లేదు...

పులిని చూసి నక్క వాత పెట్టుకోవాల్సిన పని లేదు. బహుమతికి ఒక మొత్తం అనుకోండి, ఉన్నవాళ్ళ పిల్లలకైనా లేనివాళ్ళ పిల్లలకైనా అదే. పెద్దింటి పార్టీకి పెద్ద బహుమతి తీసుకెళ్తే, మనుషులకి తూకాలుంటాయని మీరే నేర్పినట్టు. అన్ని పార్టీలకీ వెళ్ళక్కర్లేదు, నిజంగా స్నేహితులైతే వెళ్ళాలి.

మీ ఇంట్లో అయితే క్లాసు మొత్తాన్ని పిలవకండి. అయిదారుగురు చాలు. మా అమ్మాయి పదో పుట్టినరోజుకి ఆరుగురు వచ్చారు, ఇల్లంతా చీటీలు దాచి వెతుకులాట పెట్టాం. వచ్చీ రాగానే ఒక బాబు చుట్టూ చూసి "ఇంతేనా?" అన్నాడు. నాకు వాడి చెవి మెలెయ్యాలనిపించిన మాట నిజం. అప్పటిదాకా వాడు చూసినవన్నీ హాళ్ళలో, మేజిక్ షోలతో జరిగిన పార్టీలే పాపం, కనిపించింది కనిపించినట్టు అనేశాడు. మా అమ్మాయి నా ముఖం వైపు చూసింది. నేను నవ్వి "ఇంతే, మొదటి చీటీ చెప్పుల స్టాండు దగ్గరుంది" అన్నాను. వాడే ముందు పరిగెత్తాడు. పిల్లలు అలాంటప్పుడు చూసేది మన ముఖమే. అది ముడుచుకుందా, ఆ రోజంతా పాడవుతుంది.

రిటర్న్ గిఫ్టులా? నలుగురు తల్లులు ఒకసారి మాట్లాడుకుంటే క్లాసు మొత్తానికి ఆ బెడద వదిలిపోతుంది. మొదలుపెట్టేవాళ్ళు లేకే ఆ మాట ఆగిపోతుంది, అంతే.

స్కాలర్‌షిప్పో, ఫీజు రాయితీయో ఉంది. స్కూల్లో ఎవరికీ తెలియకుండా ఉంచాలా?

నేను చేసిన తప్పు ఇదే. నాలుగో తరగతిలో ఉన్నప్పుడు మా వాడితో "ఫీజు సంగతి ఎవరికీ చెప్పకు" అన్నాను. మంచికే అన్నాననుకున్నాను. వాడు ఎనిమిదో తరగతిలో ఉండగా, ఆఫీసు నుంచి ఒకాయన క్లాసుకొచ్చి, రాయితీ ఉన్న పిల్లల పేర్లు చదివి రసీదులు తీసుకోమన్నాడు. మా వాడి పేరు వచ్చింది. వాడు లేవలేదు. ఇంకోసారి పిలిచారు. పక్కనున్నవాడు "నిన్నేరా" అని మోచేత్తో పొడిచాడట. అయినా లేవలేదు. సాయంత్రం ఇంటికొచ్చి బ్యాగు విసిరేసి "నువ్వే కదా చెప్పొద్దన్నావు" అన్నాడు.

అందరి ముందూ పేర్లు చదవడం స్కూలు తప్పు. వెళ్ళి చెప్పాను, ఆ తర్వాత రసీదులు కవర్లో పంపారు. కానీ నాలుగేళ్ళపాటు వాడిచేత ఒక గుట్టు మోయించింది నేను. దాచమంటే పిల్లలకి అర్థమయ్యేది ఒకటే, ఇందులో సిగ్గుపడాల్సిందేదో ఉంది.

దాచమని చెప్పకండి, చాటమనీ చెప్పకండి. ఎవరైనా అడిగితే చెప్పడానికి ఒక్క వాక్యం సిద్ధం చేసి ఇవ్వండి. "మా అమ్మ ఇక్కడ టీచరు, అందుకని ఫీజు తక్కువ." "నాకు స్కాలర్‌షిప్పుంది." ఇంతే, దీని వెనక "కానీ" లేదు, "ఎందుకంటే" లేదు. ఇంట్లో రెండు మూడుసార్లు అనిపించండి, నాటకంలో డైలాగులాగా. గొంతులో తడబాటు పోతే ఎదుటివాళ్ళకి ఆసక్తి కూడా పోతుంది.

ఫ్రెండ్స్‌ని ఇంటికి పిలవడానికి నామోషీగా ఉందంటోంది.

ఫ్రెండు ఇల్లు చూసొచ్చిన సాయంత్రం మీ ఇల్లు చిన్నదిగా కనిపించడం మామూలే, పెద్దవాళ్ళకీ అలాగే ఉంటుంది. "ఉన్నదాంతో తృప్తి పడటం నేర్చుకో" అని ఆ సాయంత్రమే మొదలెట్టకండి. "వాళ్ళింట్లో నీకేం నచ్చింది?" అనండి. చాలాసార్లు తనకంటూ ఒక గది, లేదా గట్టిగా మాట్లాడుకునే వీలు లాంటిదేదో చెప్తారు. ఒక గోడ, ఒక అర, తలుపేసుకోవడానికి ఒక గంట లాంటివి మనం ఇవ్వగలిగినవే.

పిలవమని బలవంతపెట్టొద్దు. ఒక్క స్నేహితురాలితో, ఒక్క గంటతో మొదలుపెట్టండి. ఆ గంటలో మీరు ఇంటి గురించి ఒక్క క్షమాపణ కూడా చెప్పకూడదు. "ఏదో, మాది ఇరుకిల్లమ్మా" అన్న మాట మన నోట అలవాటుగా వచ్చేస్తుంది. దాన్ని ఆపడమే కష్టం.

సెలవుల్లో విదేశాలకి వెళ్ళొచ్చామని మా అమ్మాయి క్లాసులో చెప్పిందట. అబద్ధం!

క్లాసులో అందరి ముందూ నిలదీయకండి, టీచరుతో చెప్పి ఒప్పించే పని అసలే వద్దు. రాత్రి ఇద్దరే ఉన్నప్పుడు "ఆ మాట చెప్పినప్పుడు నీకెలా ఉంది?" అని కదపండి. బయటపడుతుందన్న భయంతో పిల్లలు అప్పటికే సగం నలిగిపోయి ఉంటారు. దాంట్లోంచి బయటికి రావడానికి దారి చూపండి. "నేను ఊరికే అన్నాను" అని దగ్గరి స్నేహితురాలు ఒక్కర్తికి చెప్పినా చాలు.

ఇందులో మా టీచర్ల తప్పు కూడా ఉంది. స్కూలు తెరిచిన మొదటి రోజు "సెలవుల్లో ఎక్కడికి వెళ్ళారు?" అని వ్యాసం రాయిస్తాం. నేనూ చాలా ఏళ్ళు రాయించాను. ఎక్కడికీ వెళ్ళని పిల్ల పెన్ను నములుతూ కూర్చోవడం ఒక ఏడాది చూసి ప్రశ్న మార్చాను. "ఈ సెలవుల్లో నువ్వు కొత్తగా గమనించిన ఒక జంతువు గురించో, మనిషి గురించో రాయి." ఆ ఏడాది అందరికంటే బాగా రాసింది, మేడ మీద తూనీగల్ని చూస్తూ కూర్చున్న పిల్లవాడు.

పాకెట్ మనీ ఎంతివ్వాలి? ఇంటి పనులకి డబ్బులివ్వొచ్చా?

తోటివాళ్ళకి ఎంతొస్తుందో చూసి ఇవ్వకండి, ఆ పందెంలో గెలవరు. కొంచెమైనా సరే, చెప్పిన రోజున, అడగకుండానే ఇవ్వండి. అయిపోతే మళ్ళీ ఆ రోజు దాకా లేదు. ఈ నియమాన్ని మొదటి రెండు నెలలూ పాటించడం పిల్లలకంటే మనకే కష్టం.

పనులకి డబ్బివ్వడం నాకు నచ్చదు. మంచం సర్దడం, గిన్నెలు తీయడం ఇంట్లో మనిషిగా చేసేవి. 1973లో మార్క్ లెపర్, డేవిడ్ గ్రీన్, రిచర్డ్ నిస్బెట్ అనే పరిశోధకులు నర్సరీ పిల్లల మీద ఒక ప్రయోగం చేశారు. బొమ్మలు గీయడమంటే అప్పటికే ఇష్టమున్న పిల్లల్లో కొందరికి, గీస్తే సర్టిఫికెట్ ఇస్తామని ముందే చెప్పారు. ఒకటి రెండు వారాల తర్వాత చూస్తే, మిగతావాళ్ళు గీసిన సమయంలో వీళ్ళు దాదాపు సగమే గీశారు. అది ఇష్టమైన పని సంగతి, గిన్నెలు తోమడం ఎవరికీ ఇష్టం ఉండదు కాబట్టి అంతా వర్తించదు. అయినా ఒకసారి కూలి మొదలైతే "ఎంతిస్తావు?" అన్న మాట ప్రతి పనికీ వస్తుంది. కారు కడగడం, పాత పుస్తకాలు అమ్మిపెట్టడం లాంటి అదనపు పనికి ఇస్తే మాత్రం నాకు అభ్యంతరం లేదు.

ఓపిక పట్టడం ఎలా నేర్పాలి? పక్కవాళ్ళకి అడిగిన మర్నాడే వచ్చేస్తోంది.

మార్ష్‌మాలో (మెత్తటి తీపి మిఠాయి) ప్రయోగం గురించి వినే ఉంటారు. ఇప్పుడు ఒకటి తింటావా, ఆగితే రెండిస్తాను అన్నది. వాల్టర్ మిషెల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో చేసిన ఆ ప్రయోగాల తర్వాత, ఆగగలిగిన పిల్లలే పైకొస్తారన్న మాట ప్రచారమైపోయింది. 2018లో ఎక్కువమంది పిల్లల వివరాలతో మళ్ళీ చూస్తే, కుటుంబ పరిస్థితుల్ని లెక్కలోకి తీసుకున్నాక ఆ సంబంధం చాలావరకు పల్చబడింది.

నాకు పనికొచ్చింది 2013 నాటి ఇంకో ప్రయోగం. సెలెస్ట్ కిడ్ అనే పరిశోధకురాలు, ఆమె సహచరులు 28 మంది చిన్నపిల్లల్ని రెండు జట్లు చేశారు. ఒక జట్టుకి ముందుగా మంచి రంగులు తెస్తామని చెప్పి తెచ్చారు. రెండో జట్టుకి చెప్పి తేలేదు. ఆ తర్వాత మార్ష్‌మాలో పెడితే, మాట నిలబెట్టుకున్న మనిషి దగ్గర పిల్లలు సగటున 12 నిమిషాలు ఆగారు. మాట తప్పిన మనిషి దగ్గర 3 నిమిషాలు.

అంటే "పరీక్షలయ్యాక కొంటాను" అని చెప్పి మర్చిపోయే ఇంట్లో, ఆగకుండా ఇప్పుడే పేచీ పెట్టడం పిల్లవాడి తెలివే. కొనలేకపోతే మాట ఇవ్వకండి. ఇస్తే క్యాలెండర్‌లో రాయండి, వాళ్ళ కళ్ళ ముందే.

క్లాసు ట్రిప్‌కి చాలా అవుతుంది. పంపాలా?

అందరూ వెళ్ళేదైతే, మీ వల్ల అయితే పంపండి. తిరిగొచ్చాక ఏడాదంతా క్లాసులో ఆ కబుర్లే ఉంటాయి. కుదరకపోతే ముందే, తేదీలు రాకముందే చెప్పేయండి. చివరి రోజు దాకా "చూద్దాం" అనడం అన్నిటికంటే ఘోరం. కొన్ని స్కూళ్ళలో వాయిదాల్లో కట్టే వీలో, సాయమో ఉంటుంది. అడిగితేనే చెప్తారు.

మాకు డబ్బుకి లోటు లేదు. మా పిల్లలు గర్వంగా తయారవుతారేమోనని భయం.

అడిగినందుకు సంతోషం. మీలాంటివాళ్ళు అరుదుగా అడుగుతారు.

సునియా లూథర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త అమెరికాలో సంపన్న కుటుంబాల టీనేజీ పిల్లలనీ, నగరాల్లోని పేద కుటుంబాల పిల్లలనీ పోల్చి చూసింది. 1999లో వచ్చిన ఆ ఫలితాలు చాలామందిని ఆశ్చర్యపరిచాయి. ఆందోళనలోనూ, సిగరెట్లు, మద్యం, మత్తు వాడకంలోనూ కలిగిన ఇళ్ళ పిల్లలే ముందున్నారు. కారణాల కోసం వెతికితే ముఖ్యంగా రెండు కనిపించాయి. ఎప్పుడూ ముందుండాలన్న ఒత్తిడి ఒకటి, తల్లిదండ్రులు అందుబాటులో లేకపోవడం ఇంకొకటి. కాబట్టి గర్వం కంటే ఒంటరితనం గురించి ముందు ఆలోచించండి.

గర్వం సంగతికొస్తే, మీ ఇంట్లో పనిచేసేవాళ్ళతో మీరెలా మాట్లాడతారో పిల్లలు అలాగే మాట్లాడతారు. డ్రైవర్ని పేరు పెట్టి "రా, పో" అనే పదేళ్ళవాణ్ణి నేను స్కూలు గేటు దగ్గర చూశాను. ఆయనకి యాభై ఏళ్ళుంటాయి. వెనక సీట్లో వాళ్ళ నాన్న ఫోన్‌లో ఉన్నాడు. పిల్లల చేత "అన్న", "బాబాయి" అని పిలిపించండి, వాళ్ళ కంచం వాళ్ళ చేతే తీయించండి, వారానికి రెండు రోజులు స్కూలు బస్సెక్కించండి. పోగొట్టుకున్న వస్తువు మర్నాడే కొనకండి.

అనాథాశ్రమానికో, పేదల బస్తీకో తీసుకెళ్ళి చూపిస్తే తెలిసొస్తుందా?

నాకిది ఇష్టం లేదు. ఇంకొకరి కష్టం మన పిల్లవాడికి పాఠ్యపుస్తకం కాకూడదు. ఒక్క పూట వెళ్ళి, పెట్టి, ఫోటో దిగి వస్తే "అమ్మయ్య, మేం అలా లేం" అన్న ఊరట తప్ప ఇంకేం రాదు. అక్కడి పిల్లలకి ఎలా ఉంటుందో ఎవరూ అడగరు.

రకరకాల ఇళ్ళ పిల్లలు సమానంగా కలిసే చోటు వెతకండి. ఆటల మైదానం, లైబ్రరీ, డ్రాయింగ్ క్లాసు, ఎక్కడైనా సరే. మా అబ్బాయికి మైదానంలో ఒక మెకానిక్ కొడుకు గోల్‌కీపింగ్ నేర్పాడు. వాడి దగ్గర తిట్లు తిన్నాడు, వాడి మెప్పు కోసం తాపత్రయపడ్డాడు. అక్కడ వీడిది ఏ స్కూలో ఎవరికీ పట్టలేదు.

"డబ్బున్న పిల్లలతో ఎక్కువ తిరగకు" అని చెప్పొచ్చా?

వద్దు. ఉన్నవాళ్ళంతా పొగరుబోతులు, మనం గుణవంతులం అన్నది కూడా ఒక డాబే. ఎవరితో తిరగాలో డబ్బు చూసి చెప్తే ఎలా చెప్పినా తప్పే.

నిజం చెప్పాలంటే పేరెంట్స్ గ్రూపులో నేనే చిన్నబోతున్నాను.

ఈ మాట పైకి ఒప్పుకోవడానికి ధైర్యం కావాలి. మనుషులు తమ సామర్థ్యాన్నీ, అభిప్రాయాల్నీ తోటివాళ్ళతో పోల్చుకుని అంచనా వేసుకుంటారని, అందులోనూ తమలాంటివాళ్ళతోనే ఎక్కువ పోల్చుకుంటారని లియోన్ ఫెస్టింగర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1954లోనే చెప్పాడు. ఎక్కడో ఉన్న కోటీశ్వరుడు మనల్ని బాధపెట్టడు. రోజూ గేటు దగ్గర పలకరించే ఆవిడ చేతి వాచీ బాధపెడుతుంది.

బండి పాతదని, పాపని గేటుకి అవతల మలుపులోనే దింపి వెళ్ళే నాన్న ఒకాయన ఉండేవాడు. పాప మాట పడకూడదని ఆయన ఆరాటం. మూడో తరగతికొచ్చేసరికి ఆ పాపే "నాన్నా, ఇక్కడే ఆపెయ్" అనడం మొదలుపెట్టింది. ఆ మాట విన్న రోజు ఆయన నా దగ్గరికొచ్చి చాలాసేపు ఏమీ మాట్లాడకుండా కూర్చున్నాడు. మర్నాటి నుంచి గేటు దాకా వచ్చాడు. పాప కొన్నాళ్ళు గింజుకుంది, తర్వాత మానేసింది.

గ్రూపులో ఫోటోలు మిమ్మల్ని కలవరపెడితే మ్యూట్ చేయండి. హోంవర్క్ సంగతి ఒకరికి ఫోన్ చేసినా తెలుస్తుంది.

తాతయ్య, అమ్మమ్మ అడిగినవన్నీ కొనిస్తున్నారు.

పండగకో పుట్టినరోజుకో అయితే వదిలేయండి. వారం వారం అయితే, పిల్లల ముందు కాకుండా, ఒకసారి కూర్చుని చెప్పండి. వస్తువుకి బదులు వాళ్ళ దగ్గర నేర్చుకోగల పని ఏదైనా ఉంటే అది అడగండి.

ఎప్పుడు నిజంగా కంగారు పడాలి?

ఇంట్లో డబ్బులు కనిపించకుండా పోతుంటే. సోమవారం సోమవారం కడుపునొప్పి వస్తుంటే. స్నేహితులకి వస్తువులు పంచి స్నేహం కొనుక్కుంటుంటే. ఇష్టమైన ఆట, బొమ్మలు, పాటలు ఒక్కసారిగా మానేస్తే. "నేనెందుకూ పనికిరాను" అన్న మాట రెండుసార్లు వింటే. వెంటనే క్లాస్ టీచర్నీ, స్కూల్లో కౌన్సిలర్ ఉంటే వాళ్ళనీ కలవండి. ఎవరైనా పేరు పెట్టి వెక్కిరిస్తున్నారని తెలిస్తే అది డబ్బు సమస్య కాదు, వేధింపు. రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. టీచర్లు పట్టించుకోకుండా ఏడాది గడిచిపోయి, పిల్ల నవ్వడం తగ్గించేస్తే స్కూలు మార్చండి. అది ఓడిపోవడమేమీ కాదు.

పెద్దయ్యాక "నన్నెందుకు అక్కడ వేశారు" అని మమ్మల్ని నిందిస్తారా?

నిందించొచ్చు. మా అబ్బాయి రసీదుల సంగతి ఇప్పటికీ తీస్తాడు, నవ్వుతూనే అనుకోండి. మా అమ్మాయిని మొన్న అడిగాను, ఆ స్కూల్లో నీకు అన్నిటికంటే కష్టమనిపించింది ఏమిటని. పార్టీలో, ఫోన్లో, ట్రిప్పులో చెప్తుందనుకుని సిద్ధంగా కూర్చున్నాను.

"నువ్వు మా క్లాసుకి లెక్కల టీచరుగా రావడం" అంది.